ఒకే చేతి నూలు

ఆ చలికాలమంతా నేను భయపడింది ఒక్క మాటకే. “ఈ పూట నాకు అన్నం వద్దు ప్రసూనా” అని మా ఆయన ఎక్కడ అంటారోనని.

వినడానికి అది భయపడాల్సిన మాటలా ఉండదు. మా ఇంట్లో మాత్రం అట్లాంటి మాటే. పంతొమ్మిది వందల నలభై రెండులో ఆయన జైల్లో ఉన్నప్పుడు ఒక వార్డరు “పెన్సిలేమైనా దాచుకున్నావా?” అని అడిగాడట. లేదన్నారట. చాప కింద రెండంగుళాల పెన్సిలు ముక్క ఉంది. వార్డరు వెతకను కూడా వెతకలేదు, తన దారిన తాను పోయాడు. ఆ అబద్ధానికి ఈయన తనకు తానే శిక్ష వేసుకుని పదకొండు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఇదంతా ఆయన చెప్పలేదు. అదే గదిలో ఉండిన పలమనేరు సుబ్బన్న చెప్పి మా వసారాలో కూర్చుని ఏడ్చాడు. నలభై నాలుగు చివర ఇంటికి వచ్చినప్పుడు చొక్కా నడిచి వస్తున్నట్టు ఉంది తప్ప మనిషి వస్తున్నట్టు లేదు. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, నన్ను పక్కకు పిలిచాడు.

“ఇంకొక ఉపవాసానికి ఈ గుండె ఆగదమ్మా. మీరే చూసుకోవాలి.”

నేను చూసుకుంటూనే ఉన్నాను. అబద్ధమన్నది ఆయన దరిదాపులకు రాకుండా చూసుకున్నాను. ఆడక తప్పనివన్నీ నేనే ఆడాను.

నలభై అయిదు కార్తీకం వెళ్ళేసరికి చిత్తూరంతా ఎలక్షన్ మాటే. మద్రాసు శాసనసభకు మా వైపునుంచి కాంగ్రెసు తరఫున ఎవరు నిలబడాలో తాలూకా సంఘం ఒక పేరు పైకి పంపాలి. కాంగ్రెసు ఆఫీసుండిన మిద్దెను దాని యజమాని యుద్ధం రోజుల్లో బెల్లం మండీకి ఇచ్చేశాడు. అందుకని సంఘం కూడినప్పుడల్లా మా వసారాలోనే. పదిహేను మంది చాపల మీద కూర్చునేవారు. నేను వంటింటి తలుపు వెనక మజ్జిగ కలుపుతూ వినేదాన్ని.

పేర్లు రెండే. ఒకటి మా ఆయన రామచంద్రగారిది. ఇంకొకటి బంగారుపాళ్యం కుప్పయ్య నాయుడిది. నాయుడికి రోడ్డుకు రెండు పక్కలా మామిడితోపులు. నిన్న మొన్నటిదాకా జస్టిస్ పార్టీ మనిషి. యుద్ధం ఫండుకు చందా ఇచ్చి, దొరలతో నిలబడి ఫోటో తీయించుకున్నవాడు. ఖద్దరు కట్టి నాలుగు నెలలు. ఆ పంచె ఇంకా గంజి విడవలేదు, ఆయన కూర్చుంటే అది విడిగా కూర్చునేది.

“రామచంద్రా, నీ మీద మాకందరికీ గౌరవం ఉండాది. గౌరవం వేరే, ఓటు వేరే,” అన్నారు ప్రేమానందం మాస్టారు. ఆయన బడిలో లెక్కలు చెప్పేవారు, సంఘానికి అధ్యక్షులు. “పల్లెల్లో నీ పేరు చెప్తే ‘ఎవరబ్బా ఆయప్ప?’ అంటాండారు. నాయుడి పేరు చెప్తే లేచి నిలబడతాండారు. అవతల నిలబడేది పాళెగాళ్ళ వంశం మనిషి. ఊళ్ళు ఆయనవి, బండ్లు ఆయనవి. నాయుడు తప్ప ఎవరు నిలబడినా మన డిపాజిట్టు దక్కదు.”

“మొన్నటిదాకా దొరల బంగళాకు మామిడిపండ్ల గంపలు మోయించినోడు మాస్టారూ. ఆయన గెలిస్తే గెలిచేది కాంగ్రెసా, మామిడితోపా?” అన్నారు మా ఆయన.

“ఓడిపోతే ఎవరు గెలుస్తారో అది చెప్పు.”

మా ఆయన దగ్గర జవాబు లేనప్పుడు ఒక నియమం ఉండేది. అభ్యర్థి కావాలనుకునేవాడు తన చేత్తో తాను వడికిన నూలు పన్నెండు చుట్టలు, అంటే పన్నెండు చిలపలు, సంఘం ముందు పెట్టాలి. నెల రోజుల గడువు. తెలిసిన నేతగాడొకడు పరీక్ష చెయ్యాలి. ఇదీ ఆయన తీర్మానం. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. గాంధీ గారి బొమ్మ కింద కూర్చుని నూలు వద్దని ఎవరంటారు?

కుప్పయ్య నాయుడు మాత్రం నవ్వాడు. “పన్నెండేం కర్మప్పా, ఇరవై నాలుగు పెడతా,” అన్నాడు.

తలుపు వెనక నా చేతిలో కవ్వం ఆగిపోయింది.

ఎందుకంటే మా ఆయన వడికే నూలు ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను, మా అత్త మునిరత్నమ్మ. ఆయనకు తెలియదు.

ఊరేగింపులో లాఠీ దెబ్బకు ఆయన ఎడమచేతి చూపుడువేలు విరిగింది. సరిగ్గా అతకలేదు. రాట్నం తిప్పేది కుడిచెయ్యి, దూదినుంచి పోగు లాగేది ఎడమచెయ్యి. ఆ వేలికి పట్టు లేదు. ఒక జాన పోగు దారంలా ఉంటే ఇంకొక జాన పురికొసలా ఉండేది, మూడో జానకు తెగేది. ముడి వేసుకుని మళ్ళీ లాగేవారు. పొద్దున్నే స్నానం చేసి గంటసేపు, కళ్ళు అరమోడ్చి, పూజ చేసినట్టు వడికేవారు. నిండిన కదురును నాకిచ్చేవారు. దాన్ని తడిపి చిలప చుట్టడం నా పని.

జైలునుంచి వచ్చాక మొదటిసారి ఆ నూలు చుట్టడానికి కూర్చున్నప్పుడు నాకు జాలి కలగలేదు. సిగ్గు కలిగింది. రాస్తున్నాను కనక ఉన్నదే రాయాలి. నేను మద్రాసులో కాలేజీలో బోటనీ చదివాను. కాండాన్ని బ్లేడుతో వెలుగు దిగేటంత పలచగా కోసేదాన్ని. వంకరగా తెగిన ముక్కను గాజుపలక మీద పెట్టడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. ఆ గడ్డల నూలు మా ఇంటినుంచి సంఘానికి చందాగా పోవడమా అనుకున్నాను. ఆ కదురు పక్కన పెట్టి, నేను వడికిన నూలే చిలప చుట్టి ఉంచాను. సాయంత్రం ఆయన దాన్ని వెలుగుకు పట్టి చూశారు.

“వేలు బాగవుతున్నట్టు ఉండాదే ప్రసూనా,” అన్నారు.

రెండేళ్ళ తర్వాత ఆ ముఖంలో మొదటిసారి చూసిన సంతోషం అది. “తడిపి బిగించి చుడితే గడ్డలన్నీ సర్దుకుంటాయి,” అన్నాను. ఆయన నమ్మారు. నేనేం చెప్పినా నమ్మే మనిషి. అట్లా ఏడాది గడిచింది. ఆయన వడికిన నూలంతా అత్త తలదిండులోకి పోయింది.

“నీ మొగుడి స్వరాజ్యమంతా నా తలకిందనే ఉండాది సూడు,” అనేది అత్త, దిండు తట్టుకుంటూ. “రోజురోజుకూ గట్టిపడతాండాది. మెడ పడతాండాది నాకు.”

ఆ రోజు మాత్రం సంఘంవాళ్ళు వెళ్ళాక ఆమె వేళాకోళం చెయ్యలేదు. “పిల్లా, వాడికి తెలిస్తే ఏమవుతాదో ఆలోచించినావా?” అంది. “పెన్సిలు ముక్కకు పదకొండు దినాలు. దీనికెన్ని?”

“తెలియదులే అత్తా.”

“తెలీదు అనుకున్నంత సేపే తెలీదు.”

ఆయన మెత్తటి పన్నెండు చిలపలు అటక మీదినుంచి తీసి, ఖద్దరు గుడ్డలో కట్టి, దేవుడి గూట్లో పెట్టుకున్నారు. ప్రతి రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ మూట నా వైపే చూస్తున్నట్టు ఉండేది.

పది రోజుల తర్వాత, ఆయన పల్లెలకు పోయిన పూట, కుప్పయ్య నాయుడు వచ్చాడు. అరుగు మీదనే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. మంచి మనిషే. అదే నాకు కష్టంగా ఉండేది. చెడ్డవాడైతే భయపడడానికి తేలిగ్గా ఉండేది.

“అత్తా, మీ అబ్బోడికి మీరన్నా చెప్పండి,” అన్నాడు మా అత్తతో. “నాకు ఈ పదవులు కొత్త కాదు. అడిగినారని వచ్చినా. ఆయప్ప నన్ను దొంగను చూసినట్టు చూస్తాండాడు.”

“నువ్వు నూలు వడుకుతాండావా నాయుడూ?” అంది అత్త.

నాయుడు రెండు చేతులూ చాపాడు. మొరటు చేతులు, గోళ్ళలో మట్టి. “ఈ చేతులు చూడండి. మామిడికి అంటు కట్టే చేతులు. అంటు కట్టమను, చీకట్లో కడతా. దూది పట్టుకుంటే నలిగిపోతాండాది. ఖద్దరు డిపోలో కొనేసినా. అందరికీ తెల్సు, అందరూ అదే చేస్తాండారు. సంఘంలో సగం మంది పెట్టే నూలు వాళ్ళ ఆడోళ్ళదే. మీ అబ్బోడొక్కడికే తెల్దు.” ఆయన నావైపు తిరిగాడు. “డిపోలో అడుగున ఒక గంపెడు పాత సరుకుండాది అమ్మణ్ణీ. అబ్బ, ఏం నూలు! సాలెపురుగు వడికినట్టుండాది. అదే తెచ్చుకున్నా.”

అత్త నన్ను చూసింది. నేను గడపను చూశాను.

మా ఆయన జైల్లో ఉన్న రెండేళ్ళు ఇల్లు గడిచింది నా నూలుతోనే. నేను వడికేదాన్ని, అత్త కొంగు చాటున డిపోకు పట్టుకుపోయేది. చిత్తూరు డిపోలో అంత సన్నపు నూలు ఇంకెవరూ వేసేవారు కాదు. ఈ గర్వం అప్పట్లో నాకుండేది.

నాయుడు పోయాక అత్త ముక్కుపొడి డబ్బా తీసి, పీల్చకుండానే మూసేసింది.

పరీక్ష ధనుర్మాసం చివర్లో, ఒక ఆదివారం పొద్దున పెట్టారు. నేతగాడిగా నగరినుంచి ఆదిమూలం మొదలియారును పిలిపించారు. డెబ్బై దాటిన మనిషి, నడుం వంగింది, కళ్ళు మాత్రం కొంగకళ్ళు. నూలు చూడడానికి ఎండ కావాలన్నాడు. పెరట్లో బావి పక్కన పీట వేశాను. ఒక పక్క మా ఆయన మూట, ఇంకొక పక్క నాయుడి మూట. వసారాలో మనుషులు చేరుతున్నారు, మాటలు వినిపిస్తున్నాయి. ఆదిమూలం ఒక్కొక్క చిలప విప్పి, పోగు పట్టుకుని, ఎండకు ఎత్తి, బొటనవేలితో వెనక్కి పురి విప్పి చూస్తున్నాడు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. నీళ్ళు తాగలేదు. చెంబు పట్టుకున్న నా చెయ్యి చూశాడు. పోగు జారి జారి నా ఎడమ బొటనవేలి పక్కన సన్నటి గాడి పడి ఉంది.

“అమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి. “ఈ రెండు మూటలూ ఒకే చెయ్యి.”

నేను చెయ్యి కొంగులోకి దాచుకున్నాను.

“మనిషికొక నడకున్నట్టు చేతికొక పురి ఉంటాది తల్లీ. యాభై ఏళ్ళుగా ఇదే పని నాకు. ఈ చెయ్యి లాగేటప్పుడు కొసన రవ్వంత ఆగుతాది. చూడు, ఈడ. ఇందులోనూ అంతే. ఇది మగోడి చెయ్యి కాదు.”

“మొదలారీ, మీరు...” అన్నాను. మా ఆయన ఉపవాసం గురించి, గుండె గురించి, డాక్టరు గురించి చెప్పాలనుకున్నాను. “ఆయనకు తెలియదు. తెలిస్తే బతకరు,” అన్నాను.

ముసలాయన విప్పిన చిలపను మళ్ళీ చుట్టాడు. పెరటి గోడ అవతల ఎవరో దంచుతున్న రోకలి చప్పుడు.

“నేను అబద్ధం చెప్పను తల్లీ. మగ్గం మీద కూసునేవాణ్ణి, చెప్తే పోగు తెగుతాది. అడిగితే చెప్తా. అడక్కపోతే నాకేం పని?” అని చెంబెత్తి నీళ్ళు గటగటా తాగేశాడు.

వసారాలోకి మూటలు పోయాయి. నేను తలుపు వెనకకు చేరాను. అత్త నా పక్కన చేరి నా మణికట్టు పట్టుకుంది. ఎవరూ అడగకూడదు. ఆ పదిహేను మందిలో ఏ ఒక్కడూ అడగకూడదు. నేను మొక్కని దేవుడు లేడు.

“రెండూ చేతినూలే,” అన్నాడు ఆదిమూలం. “మిల్లు పోగు ఒకటీ లేదు. రెండూ మేలైన నూలే.”

“ముగిసింది గదా,” అన్నారు ప్రేమానందం మాస్టారు, భుజాలు దించుకుని. “ఇద్దరికీ అర్హత ఉన్నట్టే. ఇంక చేతులెత్తుదాం.”

మా ఆయన లేచి నిలబడ్డారు.

“చేతినూలే మాస్టారూ. ఎవరి చేతిది? నాయుడుగారిని ఈడనే కూసోని ఒక జాన వడకమనండి.”

వసారాలో గుసగుసలు లేచి ఆగిపోయాయి. కుప్పయ్య నాయుడు తల గోక్కున్నాడు. తర్వాత పెద్దగా నవ్వాడు.

“నాకు రాదప్పా. డిపోలో కొన్నా. ఉరి తీస్తారా?”

ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు మా ఆయన వైపు మెచ్చుకోలుగా చూశారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ “అయితే అయిపోయినట్టే. నాయుడు తానే ఒప్పుకున్నాడు. రామచంద్రా, నీ పేరే పంపిస్తాం,” అన్నారు. ఆయన గొంతులో ఓడిపోయే ఎలక్షన్ అప్పుడే వినిపిస్తోంది.

అత్త నా మణికట్టు వదిలింది. నేను ఊపిరి వదిలాను. అంతా అయిపోయింది. ఆయన గెలిచారు. అక్కడితో కూర్చుని ఉంటే చాలు.

“లేదు మాస్టారూ,” అన్నారు మా ఆయన. “ఆయనకు పెట్టిన పరీక్ష నాకూ పెట్టాల. లేకుంటే అది పరీక్ష కాదు.”

“నీకెందుకబ్బా? నిన్నెవరు అడిగినారు?”

“ఎవరూ అడగకపోతేనే పెట్టుకోవాల.”

పెట్టె రాట్నం ఆయనే తెచ్చుకున్నారు. మూత తెరిచి, కదురు బిగించి, దూది ఏకు చేతిలోకి తీసుకున్నారు. చక్రం తిరిగిన చప్పుడు. పోగు ఒక జాన వచ్చింది. తెగింది. ముడి వేశారు. మళ్ళీ లాగారు. తెగింది. ఆయన ముఖంలో కంగారు లేదు. రోజూ పొద్దున అట్లాగే తెగుతుంది కదా. మూడోసారి రెండు జానలు వచ్చింది, నడుమ వడ్లగింజంత గడ్డతో.

“ఇదేందప్పా ఇట్లుండాది?” అన్నాడు వెనక వరసలో ఎవరో.

“తడిపి బిగించి చుడితే సర్దుకుంటాది,” అన్నారు మా ఆయన మామూలుగా.

ఖద్దరు కట్టిన పదిహేను మందిలో ఒక్కరికీ నూలు సంగతి తెలియదు. అందరూ ఆదిమూలం వైపు తిరిగారు.

“అవునా మొదలారీ?” అన్నారు ప్రేమానందం మాస్టారు. “సర్దుకుంటాదా? ఆ చిలపా, ఈ పోగూ ఒకటేనా?”

అడిగేశారు. తలుపు సందులోంచి నాకు ముసలాయన మోకాళ్ళు, వాటి మీద ఆయన చేతులు కనిపిస్తున్నాయి.

“నూలు సంగతి అడిగితే నేను చెప్పాల్సిందే,” అన్నాడు. “కానీ వడికినాయన ఈడనే కూసోనుండాడు గదా. చేసిన చేతికి తెలీదా? ముందు ఆయన్ను చెప్పమనండి.”

మా ఆయన నవ్వబోయారు. కింద పరిచిన మూటలోంచి ఒక చిలప తీసుకుని, కొత్త పోగు పక్కన పెట్టారు. బొటనవేలిని చిలప మీద మెల్లగా జరిపారు. తర్వాత కొత్త పోగు మీద. మళ్ళీ చిలప మీద. ఆయన వేలు ఆగిపోవడం చూశాను. నాయుడి మూటలోంచి ఒక చిలప తీసుకుని దాని మీద కూడా జరిపారు. ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

వంటింటి వైపు చూస్తారనుకున్నాను. చూడలేదు.

నేను తలుపు తీసుకుని బయటికి రావాల్సింది. వచ్చి, ఇది నేను చేసిన పని అని చెప్పాల్సింది. ఇన్నేళ్ళలో ఆ నాలుగడుగులు నేను ఎన్నోసార్లు వేశాను. ఆ రోజు వెయ్యలేదు.

“వేలు ఈ పొద్దు బాగలేదు మాస్టారూ,” అన్నారు ఆయన. “చలికి పట్టేసింది. అందుకే ఇట్లా వస్తాండాది.”

ఆ మనిషి అబద్ధమాడడని ఆ వసారాలో అందరికీ తెలుసు. అందరూ నమ్మారు. ఆదిమూలం మాత్రం తల వంచుకున్నాడు.

ఆయన రాట్నం పెట్టె మూసి, గడియ పెట్టారు. “నా పేరు తీసేయండి. ఈ వేలితో ఊళ్ళు తిరగలేను. నాయుడుగారే నిలబడనీండి. ఆయన్ను గెలిపించే పూచీ నాది.”

ప్రేమానందం మాస్టారు లేచి వచ్చి మా ఆయన్ను కౌగిలించుకున్నారు. త్యాగమంటే ఇదీ అన్నారు ఎవరో.

అందరూ పోయాక అత్త పెరట్లోకి పోయి కూర్చుంది. నేను విస్తరి వేశాను. నీళ్ళు పెట్టాను. ఆయన వచ్చి పీట దగ్గర నిలబడ్డారు. ఇప్పుడు అంటారు, ఈ క్షణంలో అంటారు అనుకున్నాను. డాక్టరు ఇంటికి ఎవరిని పంపాలో కూడా మనసులో అనుకుని పెట్టుకున్నాను.

కూర్చున్నారు. ఉలవచారు కలుపుకున్నారు. “ఉప్పు కొంచెం తక్కువైనట్టుండాది,” అన్నారు. తిన్నారు. మజ్జిగ కూడా పోసుకున్నారు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుకు తుడుచుకుని, పల్లెల జాబితా రాయడానికి కూర్చున్నారు.

సంతోషపడాలి కదా. పడ్డాననే అనుకున్నాను. కానీ ఆ రోజు కూర మరచిపోయి పొయ్యి మీదనే మాడిపోనిచ్చాను.

రాట్నం ఆ తర్వాత తెరవలేదు. తెల్లవారి గంట ఖాళీగా ఉండేది. ఆ గంటలో ఆయన అరుగు మీద కూర్చుని వచ్చిన వాళ్ళతో మాట్లాడేవారు. ఇంతకు ముందు ఆయనతో మాట్లాడడానికి జనం భయపడేవారు, ఇప్పుడు చుట్టూ చేరేవారు. ఎవరికి ఏ మాట చెప్పాలో ఆయనకు తెలిసిపోయింది. ఒకరికి బావి వస్తుందన్నారు, ఒకరికి కిరసనాయిలు రేషను పోతుందన్నారు. నాకు మాత్రం ఒక్క మాటా చెప్పలేదు. నన్నేమీ అడగలేదు. ఒకసారి నేనే “ఆ రోజు నూలు...” అని మొదలుపెట్టాను.

“ఏ నూలు?” అన్నారు. నా ముఖంలోకి చూసి మరీ అన్నారు.

మాఘం పోయి మామిడి పిందె పట్టింది. ఓట్లకు ఇంక రెండు రోజులుండగా పలమనేరు సుబ్బన్న వచ్చాడు. పెన్సిలు సంగతి చెప్పి ఏడ్చిన సుబ్బన్న. వెంట పది మంది రైతులు, అందరూ శిస్తు కట్టి ఓటున్నవాళ్ళే. అరుగు మీద కూర్చోకుండా నిలబడే అడిగాడు.

“రామచంద్రన్నా, మా వైపోళ్ళు ఈ నాయుణ్ణి నమ్మరు. యుద్ధం ఫండుకు డబ్బులిచ్చినోడికి కాంగ్రెసు పసుపు పెట్టెలో ఓటు వెయ్యమంటే మనసు రాలేదు. నాకూ రాలేదు. నాయుడు నూలు వడికినాడని, పరీక్షలో గెలిచినాడని మీటింగుల్లో చెప్తాండారు. నిజమేనా? ఇంకెవరు చెప్పినా నమ్మను. నువ్వు చెప్పు. నువ్వు అబద్ధమాడవని జైల్లో నా కండ్లతో చూసినా.”

నేను గుమ్మంలో ఉన్నాను, మంచినీళ్ళ చెంబుతో. ఆయన లోపలికి వచ్చారు, నన్ను దాటి. దేవుడి గూట్లోంచి ఒక చిలప తీసుకుని మళ్ళీ నన్ను దాటి పోయారు. పరీక్ష రోజునుంచి రెండు మూటలూ అక్కడే ఉన్నాయి, అది ఏ మూటలోదో నాకు తెలియదు. ఏ మూటలోదైనా ఒకటే.

“ఇదో సుబ్బన్నా. నాయుడు వడికిన నూలు. నా ఎదురుగా కూసోని వడికినాడు. చేత్తో పట్టుకుని చూడు.”

సుబ్బన్న రెండు చేతులతో తీసుకున్నాడు. ఎండకు పట్టాడు. పక్కనున్నవాడికి చూపించాడు. “అబ్బ,” అన్నాడు. “ఇట్లాంటి నూలు వడికే మనిషి చెడ్డోడు కాడులే.” కళ్ళకద్దుకుని ఇచ్చేశాడు. పది మందీ ఒకరి తర్వాత ఒకరు ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు.

మా ఆయన చిలపను జాగ్రత్తగా మడిచారు. అప్పుడు నావైపు తిరిగారు. పరీక్ష రోజు నుంచి అంత సూటిగా ఆయన నన్ను చూడలేదు. కోపం ఉంటుందేమోనని వెతికాను. లేదు. బాధ ఉంటుందేమోనని వెతికాను. నేను చేసిన పని నాకే తిరిగి చూపిస్తున్నట్టు ఒక క్షణం నిలబడి, చిలపను నా చేతిలో పెట్టారు.

“లోపల పెట్టు. మళ్ళా పనికొస్తాది,” అన్నారు.

మూడో రోజు పొద్దున చదువు వల్ల ఓటు దక్కిన ఆడవాళ్ళ వరసలో నిలబడి నేనూ పసుపు పెట్టెలోనే ఓటు వేశాను. లెక్క తేలినప్పుడు నాయుడు గెలిచాడు. పలమనేరు పల్లెలే గెలిపించాయన్నారు. కాని నా మనసులో ఆ ఎలక్షన్ ముగిసింది ఆ రోజు కాదు. సుబ్బన్న వచ్చి వెళ్ళిన మధ్యాహ్నమే ముగిసింది.

ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నారు. “అన్నం పెట్టు ప్రసూనా, ఆకలి దంచేస్తాండాది,” అన్నారు. వడ్డించాను. పక్కన అత్త తన దిండును ఒళ్ళో పెట్టుకుని, కొడుకు తినడం చూస్తోంది. ఆమె కళ్ళలో ఉన్నదే నా కళ్ళలోనూ ఉండి ఉంటుంది. ఆయన రెండోసారి అన్నం అడిగారు. మూడోసారి అడిగారు. గిన్నె అడుగు కనిపించేదాకా వడ్డించాను.

విస్తరిలో ఒక్క మెతుకు మిగల్చలేదు.